ఇంటి వాకిలి - ఊరి జంతువులు

తెల్లవారుజామున ఐదు గంటలకు ఏ గ్రామమునకైనను పోయి చూడుడు. ప్రతి ఇంటి ముందును ఒక స్త్రీ చీపురు పట్టుకొని నిలిచియుండును. ఊడ్చుటకు ముందు ఆమె చేయు పని ఒకటి కలదు. వంగి వాకిలి అంతయు ఒకమారు కలయజూచును. రాత్రి కుక్క ఎక్కడ మలవిసర్జన చేసినదో, అరుగు మీద పడుకొనిపోయిన మేకలు ఎక్కడ పెంటికలు రాల్చినవో, ఎవరి గేదె గడప ముందర పేడ వేసినదో చూచుకొని, రేకు ముక్కతోనో పాత చేటతోనో దానిని ఎత్తి పారవేసి, ఆ పిమ్మటనే కళ్ళాపి చల్లును. ఈ పనికి ఏ లెక్కలోను పేరు లేదు. వీధి ఊడ్చినవారికి పంచాయతీ జీతమిచ్చును. వీధిలోనుండి వాకిటికి వచ్చిన దానిని ఎత్తినవారికి ఎవరును ఏమియు ఇయ్యరు.

ఇది ఇంటివారి సొంత విషయము గదా, పంచాయతీకి దీనితో ఏమి పని అని సభ్యులు కొందరు అడుగవచ్చును. మేమును చాలకాలము అట్లే తలచితిమి. ప్రచారశాఖ పనిమీద గ్రామములు తిరుగుచు మరుగుదొడ్లను గురించియు, మంచినీటిని గురించియు ఎన్నో ఉపన్యాసములు చేసితిమి గాని, వాకిటిలోని కుక్క మలమును గురించి వేదిక ఎక్కి మాట్లాడుట మర్యాదగా తోచలేదు. ఆ అభిప్రాయము మార్చుకొనుటకు ఒక గ్రామమున జరిగిన తగవు కారణమైనది.

ఆ గ్రామమున ఒక వీధిలో రెండు ఇండ్లు ఎదురెదురుగా ఉన్నవి. ఒక ఇంటి పెద్దమ్మ దయగల మనిషి. రాత్రి మిగిలిన అన్నమును తన మెట్టు మీదనే కుక్కలకు పెట్టెడిది. ఎదుటి ఇంటి కోడలు ప్రతిదినము తన గడప ముందర నాలుగైదు చోట్ల మలము ఎత్తవలసి వచ్చెడిది. పెద్దమ్మ వాకిలి మాత్రము అద్దమువలె ఉండెడిది. కోడలు ఊడ్చిన దానిని ఒకనాడు కోపముతో పెద్దమ్మ ఇంటివైపు నెట్టినది. మాటకు మాట పెరిగినది. పది దినముల తరువాత కోడలి మరది పొలములో చల్లు పురుగుమందు గుళికలు అన్నములో కలిపి, ముద్దలు చేసి, వీధి మొదట పెట్టినాడు. రెండు కుక్కలు చచ్చినవి. ఇరుగుపొరుగువారి కోళ్ళు ఏడు చచ్చినవి. ఒక ముద్దను చేతితో పట్టుకొని ఆడుకొనుచున్న మూడేండ్ల పిల్లవానిని దారిన పోవు ముసలివాడొకడు చూచి చేయి పట్టి లాగుటచేత ఆ ఇంటికి దుఃఖము తప్పినది.

మరునాడు పంచాయతీ కూర్చున్నది. కోళ్ళవారు నష్టపరిహారము అడిగిరి. కోడలి తరఫువారు, మా వాకిటిలోని మలమునకు ఎవరు పరిహారమిత్తురని అడిగిరి. మాట ఎటును తేలలేదు. అప్పుడు వయసు మళ్ళిన ఒక సభ్యుడు, తీర్పు చెప్పుటకు ముందు వారము దినములు తెల్లవారుజామున మనమే వీధి తిరిగి చూతము, ఎక్కడ ఏ జంతువు వచ్చుచున్నదో వ్రాసికొందము అనెను. కొందరు నవ్విరి. సర్పంచి మాత్రము నవ్వక, ఒక కాగితము మీద ఊరి పటము గీయించెను. ఆ వారములో రెండు దినములు మేమును వారితో నడచితిమి.

వారము గడచుసరికి పటము చూచిన ప్రతివానికిని ఒక సంగతి తెల్లమైనది. ఊరిలో మూడు వందల గడపలున్నను, మచ్చలు పడినవి ఆరేడు చోట్ల మాత్రమే గుంపులుగా ఉన్నవి. మొదటిది కోడిమాంసము అమ్ము దుకాణమునకు అటునిటు ఉన్న ఇండ్లు. దుకాణమువాడు ఈకలు, ప్రేగులు గోనెసంచిలో కట్టి కాలువ గట్టున పడవేయుచుండెను. రెండవది పెండ్లి పందిళ్ళు వేయు చోటు. విస్తళ్ళు అక్కడనే గోతిలో పడియుండెను. మూడవది కొత్తగా కట్టుచున్న ఇంటి ముందరి ఇసుక కుప్ప. నాలుగవ చోట వీధిలోనికి జరిపి పెట్టిన కుడితి తొట్టి. అది ఉన్నంత కాలము ఊరి గేదెలన్నియు దారి తప్పియైనను అక్కడకు వచ్చి ఒకమారు మూతిపెట్టి పోవును. పోవునవి ఊరకనే పోవు. ఐదవది చెప్పుటకు కొంచెము సంకోచముగా ఉన్నది గాని చెప్పక తప్పదు. చిన్నపిల్లలను తల్లులు కాలువ అంచున కూర్చుండబెట్టు చోటు అది. ఇంట మరుగుదొడ్డి ఉన్నను పిల్లల మలమునకు దోషము లేదను నమ్మకము ఇంకను పోలేదు. పందులకును కుక్కలకును ఆ భేదము తెలియదు.

జంతువు వాకిటికి ఊరకనే రాదు. మనము పెట్టిన తిండికో, మనము వదలిన వాసనకో, మనము చూపిన మెత్తని చోటునకో వచ్చును. ఒక ఇంటివారు తరిమినచో పక్క ఇంటికి పోవును. కావుననే ఇది ఒక్క గడపతో తీరు పని కాదు.

పెద్దమ్మ వాకిలి శుభ్రముగా ఉండి ఎదుటి వాకిలి చెడుటకు కారణమును గురించి సభ్యులు ఎక్కువగా ఆశ్చర్యపడిరి. ఇందులో వింత లేదు. కుక్క సాధారణముగా తాను తిను చోటను, పడుకొను చోటను మలవిసర్జన చేయదు. తిన్న పిమ్మట కొంత దూరము నడచి, అంతకు ముందు తన వాసనగాని వేరొక కుక్క వాసనగాని ఉన్న చోటు వెదకుకొని అక్కడ చేయును. వీధి వెడల్పు ఆ దూరమునకు సరిపోయినది. పెద్దమ్మ పుణ్యము ఆమె మెట్టు మీదను, దాని ఫలము ఎదుటి గడపలోను పడుచున్నవి. ఆమెను అన్నము పెట్టవద్దని చెప్పుట కష్టము, న్యాయమును కాదు. 2023లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జంతు జనన నియంత్రణ నియమములలో ఈ సమస్యకు ఒక మార్గము కలదు. వీధి కుక్కలకు తిండి పెట్టు చోటును అందరును కలిసి నిర్ణయింపవలెననియు, అది పిల్లలు ఆడుకొను తావులకును, మెట్లకును, రాకపోకల ద్వారములకును దూరముగా ఉండవలెననియు ఆ నియమములు చెప్పుచున్నవి. ఆ గ్రామమున చెరువు గట్టు క్రింద ఒక బండను చూపిరి. పెద్దమ్మ మొదట అలిగినది. ఇప్పుడు మనుమని వెంట పంపుచున్నది. కుక్కలు వేళ తప్పక ఆ బండ దగ్గరకు పోవుటకు పదిహేను దినములు పట్టినదట.

ఇక ఇండ్లవారు తామై చేసికొను ఉపాయములను గురించి. మన ఊళ్ళలో నీలిమందు నీళ్ళు గాని ఎర్రనీళ్ళు గాని సీసాలలో నింపి గడప పక్కన పెట్టు ఆచారము విశేషముగా వ్యాపించినది. పట్టణములలో మేడల ముందును ఇదే అలంకారము. ఆ సీసాలను చూచి కుక్కలు భయపడునని చెప్పుదురు. కుక్క కన్ను నీలమును, పసుపును గుర్తింపగలదు గాని, ఎరుపును మనము చూచినట్లు చూడలేదు. కొత్త వస్తువు కనబడినప్పుడు ఒకటి రెండు దినములు తప్పుకొనిపోయిన పోవచ్చును. తరువాత అలవాటగును. మేము ఒకచోట ఎర్రనీళ్ళ సీసాకు వీపు ఆనించి హాయిగా నిద్రించుచున్న కుక్కను చూచితిమి. సీసావలన కీడేమియు లేదు; అయితే దానిని నమ్మి కూర్చుండరాదు. మూత లేని సీసాలో నిలిచిన నీటిలో దోమలు గ్రుడ్లు పెట్టును గనుక మూత బిగించుట మరువరాదు.

కీడు గల ఉపాయములు వేరే కలవు. కారపుపొడి చల్లుట వలన గాలికి అది పిల్లల కండ్లలో పడును. కలరా ఉండలు మూలల పెట్టుదురు. అవి తెల్లగా మిఠాయివలె ఉండుటచేత పిల్లలు నోట పెట్టుకొనిన రక్తకణములు విచ్ఛిన్నమై ప్రాణము మీదకు వచ్చును. కిరోసిన్ చల్లుట నిప్పుతో చెలగాటము. వేడినీళ్ళు పోయుట, రాళ్ళతో కొట్టుట క్రూరము మాత్రమే గాక తెలివితక్కువ పని కూడ. దెబ్బతిన్న కుక్క మరునాడు అదే దారిన బడికి పోవు పిల్లవానిని కరువవచ్చును. విషము మాట ముందే చెప్పితిమి. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 325వ విభాగము ప్రకారము జంతువును చంపి గాని, విషము పెట్టి గాని, అవయవము చెరచి గాని నష్టము కలిగించినవారికి ఐదు సంవత్సరముల వరకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. పంచాయతీ తీర్మానము ఉన్నదని చెప్పినంత మాత్రమున ఈ శిక్ష తప్పదు. ఓట్లు అడుగునప్పుడు కుక్కలు లేని ఊరు చేసెదమని మాట ఇచ్చుట సులభము. ఆ మాట నిలుపుకొనుటకు విషము ముద్ద వెదకినవారు తమ తలమీదకు తామే తెచ్చుకొందురు.

వాకిటిలో పడిన దానిని ఎట్లు తీయవలెనో చెప్పుటకు శాస్త్రము కావలెనా అని నవ్వరాదు. ఇందు గమనింపదగిన అంశము ఒకటి కలదు. కుక్క కడుపులోని ఏలిక పాముల గ్రుడ్లు మలముతో బయటపడును. పడిన నాడు వాటికి మనిషికి అంటు శక్తి లేదు. నేలలో రెండు మూడు వారములు ఉండిన పిమ్మటనే లోపలి పిల్లపురుగు ఎదిగి ప్రమాదకరమగును. ఆ పిమ్మట నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు మట్టిలో చావక ఉండును. పాకు పిల్లవాడు ఆ మట్టి చేయి నోట పెట్టుకొనిన, గ్రుడ్లు కడుపులో పగిలి పురుగులు కాలేయమునకును, ఒక్కొక్కప్పుడు కంటికిని చేరును. కుక్క కొంకిపురుగులు ఇంతకంటె త్వరగా, సుమారు వారములో, తడిమట్టిలో తయారై చెప్పులు లేని పాదము చర్మములో దూరి, ఎర్రని వంకర గీతలవలె ప్రాకుచు దురద పుట్టించును. పిల్లి మలములోని సూక్ష్మజీవి ఒకటి నుండి ఐదు దినములలో అంటు శక్తి పొందును. గర్భిణీ స్త్రీలకు అది సోకిన కడుపులోని శిశువునకు హాని. కావున ఏనాటిది ఆనాడే తీసివేసినవారు రోగమును పుట్టకముందే తీసివేసినవారగుదురు. గర్భిణి ఉన్న ఇంట ఈ పని వేరొకరు చేయవలెను. మగవారు చేసిన పరువు పోదు.

కళ్ళాపి విషయమున ఒక మాట. పేడనీళ్ళు దుమ్మును అణచును, మట్టినేలను గట్టిపరచును. మన తల్లులు ఊరకనే చల్లలేదు. అయితే తొందరలో కుక్క మలమును పూర్తిగా ఎత్తక దాని మీదనే కళ్ళాపి చల్లి చీపురుతో అలికినచో చారెడు చోటున ఉన్నది వాకిలంతయు పరచుకొనును. మొదట పారతోనో రేకుతోనో, క్రింది మట్టి పలుచని పొరతో సహా ఎత్తవలెను. గచ్చు నేలయైనచో సబ్బునీళ్ళతో రుద్ది కడిగి, ఎండ తగులనీయవలెను. కావలెనన్న లీటరు నీటికి రమారమి 30 గ్రాముల బ్లీచింగ్ పొడి కలిపి చల్లవచ్చును గాని, ఏలిక పాముల గ్రుడ్లు దానికి లొంగవు. రుద్ది కడిగి తొలగించుటయే ముఖ్యము. బ్లీచింగ్ పొడిని యాసిడ్‌తో గాని, మరి ఏ ఇతర మందుతో గాని కలుపరాదు. ఊపిరితిత్తులను కాల్చు వాయువు పుట్టును. మూత్రము పోసిన గుంజను, గోడ మూలను కూడ కడుగవలెను. ఆ వాసన ఉన్నంత కాలము కుక్క అదియే తన చోటని వచ్చుచుండును.

ఎత్తిన దానిని ఏమి చేయవలెను? మన భాషలో ఆవుది పేడ, మేకది పెంటిక, గుఱ్ఱముది లద్దె, కోడిది రెట్ట. ఎరువునకు పనికివచ్చు ప్రతి దానికిని రైతు ఒక పేరు పెట్టినాడు. అవి పెంటకుప్పకు పోవలసినవే. కుక్కదియు పిల్లిదియు ఆకుకూరల ఎరువులో కలుపరాదు. పెరటి మూలలో, బావికి దూరముగా, మోకాటిలోతు గోయి తీసి మట్టి కప్పుట మంచిది.

పిల్లికి మెత్తని పొడి నేల కావలెను. అది గోకి, చేసి, కప్పిపోవును. ఇల్లు కట్టువారు ఇసుక కుప్పను రాత్రివేళ పట్టాతో కప్పినచో సగము పీడ పోవును. ఆ ఇసుకలోనే మన పిల్లలు గూళ్ళు కట్టుకొందురు గదా. మేకలకు ఎత్తయిన పొడి అరుగు ఇష్టము. యజమాని కట్టివేయుట తప్ప వేరు మార్గము లేదు. వాకిటికి తడికయో, ఇనుప గేటో పెట్టువారు దాని ఎత్తుకంటె క్రింది అంచును ఎక్కువగా చూచుకొనవలెను. పంది పైనుండి దూకదు; క్రింద మూతి దూర్చి ఎత్తును. కుక్కపిల్ల చువ్వల మధ్య దూరును. నేలకు ఆనినట్లు అడ్డు పట్టీ వేసి, క్రింది భాగమున చువ్వలు దగ్గరగా వేయించినచో గేటు వెల దక్కును. బడికి, గుడికి, పంచాయతీ కార్యాలయమునకు మరొక ఏర్పాటు పనికివచ్చును. ద్వారమున అడ్డముగా గుంట తీసి, దాని మీద ఇనుప గొట్టములను ఎడము ఎడముగా పరచుదురు. గిట్టలు గల పశువు దాని మీద అడుగు వేయదు. కుక్క మాత్రము దాటిపోవును. మన్నిక గల గొట్టములు వేయక పోయినచో మొదటి ట్రాక్టరుతోనే వంగిపోవును. ఈ సంగతి మేము చూచి చెప్పుచున్నాము.

పందుల విషయమే పంచాయతీకి అన్నింటికంటె కష్టమైనది. ఊరిలో అందరును కలిసి ఒకరిద్దరి మీద పడుటకు ఇది అనువైన విషయము. పందులు పెంచి జీవించు కుటుంబములకు సాధారణముగా ఊరిలో బలము ఉండదు, భూమి ఉండదు. అట్లని వాకిళ్ళలో పందులు తిరుగుట ఉపేక్షింపదగినది కాదు. మానవ మలము తిన్న పందిలో బద్దెపురుగు తిత్తులు పెరుగును. ఆ పురుగు గ్రుడ్లు మనిషి చేతుల నుండి నోటికి చేరినచో మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛలు వచ్చును. మెదడువాపు జ్వరపు విషక్రిమి పంది రక్తములో విస్తారముగా పెరిగి, వరిచేల నీటిలో పుట్టు దోమల ద్వారా పిల్లలకు సోకును. ఈ జ్వరమును మన దేశములో మొదట 1955లో వేలూరు ప్రాంతమున గుర్తించిరి. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో అనేక జిల్లాలలో వ్యాపించి ఎందరో తల్లుల ఒడి ఖాళీ చేసినది. పిల్లలకు టీకా వేయించుట ఒక రక్ష. పందులను ఇండ్లకు దూరముగా కట్టడిలో ఉంచుట రెండవ రక్ష.

1871 నాటి పశు అతిక్రమణ చట్టములో పశువులనగా ఆవులు, గేదెలు మాత్రమే కావు. మేకలు, గొఱ్ఱెలు, పందులు కూడ అని స్పష్టముగా చెప్పబడినది. పందులు పొలమును, బాటను పాడుచేసినచో యజమానికి పది రూపాయల వరకు జరిమానా అని అందు వ్రాసిరి. ఆనాటి పది రూపాయలు చిన్న మొత్తము కాదు. మా ఆసక్తికి కారణమైనది అందులోని మరొక నిబంధన. బందెలదొడ్డిలో పెట్టిన పశువునకు మేత, నీరు పెట్టు బాధ్యత దొడ్డి కాపరిదే. ఇప్పుడు చాల ఊళ్ళలో బందెలదొడ్డి గోడలు కూలి, లోపల తుమ్మచెట్లు మొలచి, దాని తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నదో ఎవరికిని తెలియదు. దొడ్డి బాగుచేయకుండ బందె విధింపబోయిన సభ్యుడు, పట్టుకొన్న గేదెను తన ఇంటనే కట్టివేసికొనవలసి వచ్చును.

మేము చెప్పుచున్న గ్రామమున పందుల కుటుంబములు రెండు. సభకు వారిని పిలిచిరి. నిందించుటకు పిలువలేదని సర్పంచి ముందే చెప్పెను. వారిలో ఒక స్త్రీ, మా పందులు మీ వాకిళ్ళకు వచ్చుట మాకును ఇష్టము లేదు, మాకు కట్టుటకు చోటెక్కడ, పెట్టుటకు తిండెక్కడ అని అడిగినది. సభలో కొంతసేపు ఎవరును మాట్లాడలేదు. చివరకు ఊరికి దక్షిణమున పంచాయతీకి చెందిన బీడులో పాకలు వేసికొనుటకు చోటు చూపిరి. నీటి గొట్టము అంతవరకు వేయించిరి. ఫలహారశాలలలో మిగిలినది వారికే ఇయ్యవలెనని ఒప్పందము చేసిరి. అట్టి తిండిని బాగుగా ఉడికించి పెట్టవలెనని పశువైద్యుడు చెప్పెను. ఉడుకని ఎంగిలి ద్వారా పందులకు ప్రాణాంతకమైన జ్వరములు వచ్చును. ఈ ఏర్పాటు పూర్తిగా కుదిరినదని మేము చెప్పము. వానకాలమున పాకలు కారి, నాలుగు దినములు పందులు మరల వీధులలోనికి వచ్చినవి. అయినను తిట్లు తగ్గినవి.

కుక్కల సంఖ్యను గురించి చెప్పవలసినది మిగిలినది. ఆడకుక్క సంవత్సరమునకు సుమారు రెండుమార్లు ఎదకు వచ్చును. రెండు నెలలు మోసి నాలుగు నుండి ఆరు వరకు పిల్లలను పెట్టును. తిండి ఉన్న ఊరిలో ఉన్నవాటిని తీసివేసిన, పక్క ఊరి కుక్కలు ఆ ఖాళీకి వచ్చి చేరును. ఆ వచ్చినవాటికి టీకా ఉండదు. అందుచేతనే 2023 నియమములు కుక్కలను పట్టి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించి, రేబిస్ టీకా వేయించి, పట్టిన చోటనే విడువవలెనని నిర్ణయించినవి. ఈ బాధ్యత స్థానిక సంస్థలది. పంచాయతీయు అందు చేరినదే. బడులు, ఆసుపత్రులు, బస్సు నిలయములు, రైలు నిలయములు, క్రీడా ప్రాంగణముల విషయమున 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు వేరు ఉత్తర్వు ఇచ్చినది. అక్కడ పట్టిన కుక్కలను మరల అక్కడనే విడువరాదని అందలి సారము. బడికి ప్రహరీ లేని గ్రామములు దీనిని ముందుగా చూచుకొనవలెను.

శస్త్రచికిత్స ఒక్క పంచాయతీ తనకు తానుగా చేయించుకొనగల పని కాదు. గుర్తింపు పొందిన జంతుసంక్షేమ సంస్థ, వైద్యుడు, శస్త్రచికిత్స తరువాత కుక్కలను ఉంచుటకు చోటు కావలెను. మండలములోని పంచాయతీలు కలిసి పశుసంవర్ధక శాఖవారితో మాట్లాడుకొనుట మేలు. అందరికంటె ముందు కావలసినది లెక్క. మన ఊరిలో కుక్కలెన్ని, అందు ఇంటివారున్నవి ఎన్ని, ఆడవి ఎన్ని అను ప్రశ్నలకు ఎవరును జవాబు చెప్పలేరు. పది కుక్కలకు చేయించి ఊరకుండిన ఫలితము కనబడదు. తక్కువ కాలములో నూటికి డెబ్బది వరకు చేయింపవలెను. రేబిస్ టీకాకును ఇదే లెక్క. జులై 6న జంతువుల వలన సంక్రమించు వ్యాధుల దినము. ఆనాడు అనేక పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుదురు. ఆ ముందు దినమున ఊరిలో దండోరా వేయించుటకు ఖర్చు ఎంత?

వాకిటిలో కుక్కను తరుముచు కరపించుకొనినవారు గాయమును వెంటనే పారు నీటిలో సబ్బుతో పదిహేను నిమిషములు కడిగి, ఆనాడే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. పసుపు, సున్నము, కారము పెట్టరాదు. టీకాలు మొదటి దినము, ఆ పిమ్మట 3, 7, 28 దినములకు వేయుదురు. నెత్తురు వచ్చు లోతైన గాయమునకు టీకాతోపాటు వేరొక మందు గాయము చుట్టును ఎక్కింపవలెను. రేబిస్ లక్షణములు కనబడిన పిమ్మట బ్రతికించుట దాదాపు అసాధ్యము.

ఆ గ్రామమునకు ఆరు నెలల తరువాత మరల పోయితిమి. కోడిమాంసపు దుకాణమువానికి మూత గల డబ్బా ఇప్పించి, వ్యర్థమును ప్రతి సాయంకాలము పంచాయతీ బండిలో తీసికొనిపోవుచుండిరి. విస్తళ్ళ గోతికి పందిరివారే మట్టి కప్పించవలెనని, లేనియెడల ధరావతు తిరిగి ఇయ్యమని తీర్మానించిరి. కుడితి తొట్టి పెరటిలోనికి పోయినది. ఊరి పటము పంచాయతీ గోడకు మేకుతో కొట్టబడియున్నది. పాత మచ్చలు సగము కొట్టివేసి, చింతచెట్టు వీధిలో కొత్త మచ్చలు రెండు పెట్టియున్నవి. అవి దేని వలన వచ్చినవో ఇంకను కనుగొనలేదని వయసు మళ్ళిన సభ్యుడు చెప్పెను. పెద్దమ్మయు, ఎదుటి ఇంటి కోడలును ఇప్పటికిని మాట్లాడుకొనుట లేదు. చచ్చిన కోళ్ళ పైకము మాత్రము మరది రెండు వాయిదాలలో చెల్లించెను.